పదోసారి గెలిచిన బేబ్

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగి గోల్ఫ్ మైదానం ఎక్కడండీ అని అడిగి చూడండి. కొత్తగూడెం బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతారు. బిషప్ అజరయ్యగారి కాలంలో కట్టిన పెద్ద చర్చికి దారి చూపిస్తారు. గోల్ఫ్ అంటే మాత్రం మొహామొహాలు చూసుకుంటారు. మిర్చీ, పత్తీ పండే నేల మాది. అంత పచ్చిక మా దగ్గర పెరిగితే గొర్రెల్ని తోలుతారు గానీ కర్రతో బంతి కొట్టుకోవడానికి ఉంచుతారా!

అలాంటి ఊళ్ళో ఉంటూ నేనొక గోల్ఫ్ క్రీడాకారిణికి వీరాభిమానిని. ఆమె కోసం రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాను. ఆమె పేరు బేబ్ డిడ్రిక్సన్ జహారియస్. ఊరు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం. 1911లో పుట్టి 1956లో కన్నుమూసింది. గోల్ఫ్‌లో మేజర్ టోర్నమెంట్లని కొన్ని ఉంటాయి, ఆటగాళ్ళకు అవి పెద్ద పండగల్లాంటివి. వాటిని ఆమె పదిసార్లు గెలిచింది. ఆ పది గెలుపులకీ నోటుబుక్కులో గళ్ళు గీశాను. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎంత తేడా, అప్పటికి ఆమె వయసెంత, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతోంది? ఈ ఆఖరి గడి నేను సొంతంగా కలిపింది. ఆటల పుస్తకాల్లో అది ఉండదు. ఆడవాళ్ళ ఆట గురించి చదివేటప్పుడు ఆ గడి లేకపోతే లెక్క తేలదని, ఆడపిల్లల బడిలో ఏళ్ళ తరబడి ఆటల టీచరుగా పనిచేసిన నా అనుభవం.

ఆమె నాకెలా తగిలిందో చెప్తాను. వ్యాయామ విద్యలో శిక్షణ తీసుకునే రోజుల్లో ఒలింపిక్స్ విజేతల పట్టికలు బట్టీ పట్టేవాళ్ళం. 1932, లాస్ ఏంజెలిస్. మన హాకీ జట్టు బంగారు పతకం తెచ్చిన ఒలింపిక్సే. అదే పట్టికలో ఆడవాళ్ళ 80 మీటర్ల హర్డిల్స్‌కి ఎదురుగా ఒక పేరుంది. జావెలిన్, అంటే ఈటె విసరడానికి ఎదురుగానూ అదే పేరు. హైజంప్‌లో రెండో స్థానం దగ్గర మళ్ళీ అదే పేరు. అచ్చుతప్పేమో అనుకున్నాను. ఆటలు నేర్పేవాళ్ళకు తెలుస్తుంది, పరిగెత్తే ఒళ్ళు వేరు, విసిరే ఒళ్ళు వేరు, ఎగిరే ఒళ్ళు వేరు. మూడూ ఒక్క మనిషిలో ఉండటమా! ఒలింపిక్స్‌లో పరుగు, విసరడం, ఎగరడం మూడింటిలోనూ విడివిడిగా పతకాలు తెచ్చుకున్నది ఆడా మగా అందరిలో ఆమె ఒక్కతే అని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఆమె గోల్ఫ్‌కు మళ్ళిందని చదివి, నిజం చెప్పొద్దూ, నిరాశపడ్డాను. డబ్బున్నవాళ్ళు పొద్దుపోక ఆడే ఆట కదా అనిపించింది. ఆ అభిప్రాయం 2021 ఆగస్టు 7న మారింది. ఆ రోజు చీకటితోనే లేచి టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితీ అశోక్ ఒక్కటంటే ఒక్క దెబ్బ తేడాతో పతకం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగు రోజులు ఆడి, ఒక్క దెబ్బ! ఇంత గుండె దడ ఉన్న ఆటని షికారనుకున్నానే అని నన్ను నేనే తిట్టుకుని, మధ్యాహ్నానికల్లా నోటుబుక్కు తీశాను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చిన్నప్పుడు గోటీలాడేవాళ్ళం కదా, నేలలో గుంత చేసి దూరం నుంచి గోటీ అందులో పడెయ్యాలి. గోల్ఫూ అంతే. కాకపోతే గుంతలు పద్దెనిమిది, ఒక్కోటీ వందల గజాల దూరంలో. దారిలో చెట్లు, ఇసుక గోతులు, నీటి మడుగులు. అన్ని గుంతల్లో బంతి వెయ్యడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు, తక్కువ కొట్టినవాళ్ళు గెలిచినట్టు. పెద్ద పోటీల్లో అలా నాలుగుసార్లు చుట్టి రావాలి. ఇద్దరిద్దరు తలపడి గుంత గుంతకీ గెలుపోటములు తేల్చుకునే పద్ధతి ఇంకోటి ఉంది. ఎలా ఆడినా మైళ్ళ కొద్దీ నడక తప్పదు.

ఇక బేబ్ సంగతి. అసలు పేరు మిల్డ్రెడ్ ఎల్లా. తల్లిదండ్రులు హానా, ఓలే నార్వే నుంచి వలస వచ్చినవాళ్ళు. ఏడుగురు పిల్లల్లో ఈమె ఆరోది. పుట్టింది పోర్ట్ ఆర్థర్‌లో, పెరిగింది దగ్గర్లోని బోమాంట్‌లో. తండ్రి వడ్రంగి. పిల్లల కోసం పెరట్లో తనే కర్రలూ కడ్డీలూ పాతి వ్యాయామశాల కట్టిపెట్టాడు, బరువులెత్తడానికి చీపురుకర్రకు ఇస్త్రీపెట్టెలు తగిలించాడు. తల్లి నార్వేలో ఉండగా మంచు మీద స్కేటింగ్ చేసేదట. అయితే ఇల్లు గడవడం కష్టం. బేబ్ చదువుకునే వయసులోనే గోనెసంచులు కుట్టేది, సంచికి ఒక సెంటు. తర్వాత కూడా కుట్టుపని ఆమె వదల్లేదు. ఆడటానికి వేసుకున్న దుస్తుల్లో కొన్ని తనే కుట్టుకుంది.

హర్డిల్స్ ఎలా నేర్చుకుందో వింటే నవ్వొస్తుంది. వీధిలో ఇళ్ళ ముందున్న మొక్కల కంచెల మీంచి దూకుతూ పరిగెత్తేది. ఒక కంచె మాత్రం మిగతావాటికన్నా ఎత్తు. ఆ ఇంటాయన దగ్గరికి వెళ్ళి అడిగితే ఆయన కసురుకోకుండా కంచె కత్తిరించి తగ్గించాడు! పిల్ల ఒలింపిక్స్‌లో ప్రపంచ రికార్డు పెడుతుందని ఆయనకేం తెలుసు. మా బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా, మా వీధిలో అయితే మా అమ్మకు చెప్పి తన్నిస్తారు టీచర్ అనేవాళ్ళు.

డాలస్‌లోని ఒక బీమా కంపెనీ ఆమెను బాస్కెట్‌బాల్ జట్టు కోసం ఉద్యోగంలోకి తీసుకుంది. పేరుకు గుమాస్తా, పనంతా ఆటే. ఆ కంపెనీ తరఫున 1932 జూలైలో ఒలింపిక్ అర్హత పోటీలకు జట్టుగా ఆమె ఒక్కతే వెళ్ళింది. ఎనిమిది పోటీల్లో దిగి అయిదింటిలో మొదటి స్థానం, ఆరోదాంట్లో ఇంకొకామెతో సమానంగా మొదటి స్థానం తెచ్చుకుంది. ఒక్క మధ్యాహ్నంలో! జట్టు పాయింట్లు లెక్కిస్తే ఆమెకు 30. రెండో స్థానంలో వచ్చిన జట్టులో ఆడవాళ్ళు 22 మంది, వాళ్ళందరికీ కలిపి 22 పాయింట్లు.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు మూడింటికి మించి దిగకూడదన్నారు. మూడింటిలోనే దిగి మూడు పతకాలు తెచ్చింది. ఈటె 43.69 మీటర్లు విసిరింది. హర్డిల్స్ 11.7 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. హైజంప్‌లో జీన్ షైలీతో సమానంగా ఎగిరినా, తల ముందుగా కడ్డీ దాటిందని తప్పుపట్టి ఆమెకు రజతం ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 21.

ఇంత చేసి ఇంటికొస్తే పత్రికలవాళ్ళు ఏం రాశారనుకుంటున్నారు? ఆమె కండలు, కత్తిరించిన జుట్టు, మాట తీరు. అసలు ఆడదేనా అన్న అనుమానం. పేరున్న క్రీడా విలేఖరులే వెటకారంగా రాశారు. ఆడవాళ్ళు ఇంట్లో ఉండి ముస్తాబై కూర్చుంటేనే బాగుంటుందన్నాడు ఒక పెద్దమనిషి. ఇది ఏ దేశం సంగతో అనుకోకండి. మా వరంగల్ వైపు కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అంతకు ముందు ఊళ్ళో ఆమె రూపం మీద ఎన్ని మాటలు పడ్డాయో అందరూ చదివే ఉంటారు.

తర్వాతి రెండేళ్ళూ బేబ్ పొట్టకూటి కోసం రకరకాల పనులు చేసింది. నాటక ప్రదర్శనల మధ్య స్టేజీ మీద మౌతార్గాన్ వాయించింది. గడ్డాలు పెంచుకున్న మగవాళ్ళ బేస్‌బాల్ జట్టుతో ఊరూరా తిరిగింది. అమ్మకూ నాన్నకూ డబ్బు పంపాలి కదా. ఆ తిరుగుళ్ళలోనే గోల్ఫ్ మీద మనసు నిలిచింది. ఆరంభించాక ఊరుకునే రకమా! రోజుకు వెయ్యి బంతులు కొట్టేదట. అరచేతులు చిట్లి రక్తం కారితే టేపు చుట్టుకుని మళ్ళీ కొట్టేది.

1935లో టెక్సస్ రాష్ట్ర మహిళల పోటీకి హ్యూస్టన్ వెళ్ళింది. అక్కడి క్లబ్బు ఆడవాళ్ళకు ఈమె గిట్టలేదు. శ్రామికుల ఇంటి పిల్ల మన మధ్యకు ఏమిటని కొందరు ఈసడించుకున్నారు. వాళ్ళలో పేరున్న ఆటగత్తె పెగ్గీ చాండ్లర్. ఫైనల్లో ఆ చాండ్లర్‌నే ఓడించింది బేబ్. ఊళ్ళు వేరైనా మనుషులు ఒకటే సుమా. మా ఊళ్ళో టెన్నికాయిట్ ఆడటానికి కూడా ఎవరింటి పిల్ల ఎవరింటి పిల్లతో ఆడాలన్న పట్టింపులు నేను చూడలేదా? అయితే గెలుపు నిలవలేదు. వేరే ఆటల్లో డబ్బు పుచ్చుకుందన్న కారణం చెప్పి ఆమెను అమెచ్యూర్ పోటీల నుంచి తీసేశారు. డబ్బున్నవాళ్ళు డబ్బు కోసం ఆడరు, అదే వాళ్ళ గొప్ప. లేనివాళ్ళు ఆడితే అదే తప్పు. మూడేళ్ళు ఏ పారితోషికమూ ముట్టకుండా ఉండి, 1943లో ఆ హోదా తిరిగి సంపాదించుకుంది.

ఈ మధ్యలో పెళ్ళయింది. 1938 జనవరిలో లాస్ ఏంజెలిస్ ఓపెన్ అనే మగవాళ్ళ పోటీలో బేబ్ పేరు ఇచ్చింది. ఆమెకు జతగా వేసినవాళ్ళలో జార్జ్ జహారియస్ అనే మల్లయోధుడున్నాడు. ఆట ఇద్దరికీ కలిసిరాలేదు గానీ అదే ఏడాది డిసెంబరులో పెళ్ళి చేసుకున్నారు. ఫోర్ట్ వర్త్‌లో బర్తా బోవెన్ అనే సంపన్న గృహిణి బేబ్‌ను సొంత మనిషిలా చూసుకునేది. ఆమె చెప్పినట్టు జుట్టు పెంచింది, టోపీలు, మేజోళ్ళు, లిప్‌స్టిక్ వాడింది. అంతటితో పత్రికలవాళ్ళకు సంతోషం! మగరాయుడు ఆడదైపోయిందని మెచ్చుకుంటూ రాశారు. వాళ్ళ మెప్పు కోసం చేసిందా, తనకే ఇష్టమై చేసిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. కొంత అదీ కొంత ఇదీ అయి ఉంటుంది. మనం మాత్రం ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు ఏ చీరైతే నలుగురూ ఏమీ అనరో చూసుకుని కట్టుకోమా?

ఇప్పుడు నా పది గళ్ళు. 1940, 1944, 1945, 1950ల్లో వెస్టర్న్ ఓపెన్. 1947, 1950, 1952ల్లో టైటిల్‌హోల్డర్స్. 1948, 1950, 1954ల్లో అమెరికా మహిళల ఓపెన్. 1946లో అమెరికా అమెచ్యూర్, 1947లో బ్రిటిష్ అమెచ్యూర్ కూడా గెలిచింది. బ్రిటిష్ పోటీ గెలిచిన మొదటి అమెరికన్ ఆమే. అవి ఈ పదిలోకి రావు. అన్నిటి గురించీ రాస్తే పేజీ చాలదు, కాబట్టి మూడింటి దగ్గర ఆగుతాను.

1945, ఇండియానాపొలిస్. పోటీ మధ్యలో ఉండగా అమ్మ పోయిందని కబురొచ్చింది. లాస్ ఏంజెలిస్ వెళ్ళాలి. యుద్ధకాలం, విమానాల్లో సైనికుల తర్వాతే ఎవరికైనా చోటు. దొరకలేదు. ఇంటివాళ్ళు ఆట పూర్తిచేసే రమ్మన్నారు. ఆడింది, గెలిచింది. రాత్రుళ్ళు గదిలో మౌతార్గాన్ వాయించుకుంటూ కూర్చుందట. నా నోటుబుక్కులో ఇంట్లో ఏం జరుగుతోంది అన్న గడి మొదలైంది ఇక్కడే.

1950. ఆ ఏడాది ఉన్న మూడు మేజర్లనూ మూడింటినీ గెలిచింది. విచిటాలో జరిగిన ఓపెన్‌లో రెండో ఆమెకన్నా తొమ్మిది దెబ్బలు తక్కువ. కానీ ఆ ఊళ్ళో ఆ రోజుల్లో జరిగిన ఇంకో సంగతి నాకు అంతకన్నా ముఖ్యం. పదమూడు మంది ఆడవాళ్ళు కలిసి గోల్ఫ్‌ను వృత్తిగా ఆడే మహిళల సంఘం పెట్టుకున్నారు. ఎల్.పి.జి.ఎ. అంటారు. బేబ్, పాటీ బర్గ్, లూయీస్ సగ్స్ వీళ్ళంతా వ్యవస్థాపకులు. కార్లు వాళ్ళే నడుపుకుంటూ ఊరి నుంచి ఊరికి వెళ్ళడం, నియమాలు రాసుకోవడం, మైదానం సిద్ధం చేసుకోవడం, ఆ తర్వాత ఆడటం. మన పొదుపు సంఘం ఆడవాళ్ళు గుర్తొస్తారు నాకు. తర్వాత బేబ్ ఆ సంఘానికి అధ్యక్షురాలు కూడా అయింది.

అయితే తోటివాళ్ళందరికీ ఆమె ఇష్టం లేదు. గొప్పలు చెప్పుకునేది. పోటీకి ముందు గదిలోకి వచ్చి, మీలో రెండో స్థానం ఎవరిది అని అడిగేదట! లూయీస్ సగ్స్‌కు ఆమె ఆర్భాటం అస్సలు పడేది కాదు. 1949 ఓపెన్‌లో సగ్స్ పధ్నాలుగు దెబ్బల తేడాతో గెలిస్తే రెండో స్థానంలో ఉన్నది బేబే. ఇంకోటి, ఆమె వయసు తగ్గించి చెప్పేది. వరసగా పదిహేడు టోర్నమెంట్లు గెలిచానని చెప్పుకునేది గానీ, ఆ లెక్క రావాలంటే మధ్యలో 1946లో ఓడిపోయిన ఒక పోటీని మరిచిపోవాలి. ఈ సంగతి పట్టుకున్న రోజు నాకు కాస్త బాధేసింది. నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాశాను. అభిమానం ఉన్నంత మాత్రాన లెక్క తప్పు చెప్పకూడదు కదా.

ఇక మూడోది. దీనికి ముందు 1953 గురించి చెప్పాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో బోమాంట్‌లో తన పేరు మీదే పెట్టిన పోటీలో గెలిచింది. అప్పటికి చాలా రోజులుగా నీరసం, ఒంట్లో బాగుండటం లేదు, ఎవరికీ చెప్పకుండా ఆడుతూనే ఉంది. పోటీ అవగానే డాక్టరు దగ్గరికి వెళితే పెద్దపేగు చివర క్యాన్సరని తేలింది. ఏప్రిల్ 17న ఆపరేషన్. పేగు చివరి భాగం తీసేసి, పొట్ట మీద ఎడమ పక్కన చిన్న ద్వారం చేశారు. ఇక జీవితాంతం మలవిసర్జన ఆ ద్వారం గుండానే. కొలాస్టమీ అంటారు. ఈ మాట పత్రికలో రాయడానికే సంకోచించేవాళ్ళున్నారు, నాకు తెలుసు. కానీ రాయకపోతే ఆమె కథే లేదు.

బేబ్ దాచలేదు. తనకు క్యాన్సరని, ఫలానా ఆపరేషనని లోకానికి చెప్పేసింది. ఆ రోజుల్లో అమెరికాలో కూడా ఆ జబ్బు పేరు గట్టిగా పలికేవాళ్ళు కారు. వేలకొద్దీ ఉత్తరాలొచ్చాయి. ఆసుపత్రి గదిలో గోల్ఫ్ కర్రల సంచీ మూలన నిలబెట్టించుకుంది, పడుకుంటే కనబడేలా. బెట్టీ డాడ్ అనే చిన్న వయసు క్రీడాకారిణి, బేబ్ ఇంట్లోనే ఉండేది, అదే గదిలో మడతమంచం వేసుకుని పడుకుని సేవ చేసింది. గాయాన్ని శుభ్రం చేయడం నేర్చుకున్నదీ ఆమే. భర్తతో అప్పటికే మనస్పర్థలున్నాయని, చివరి ఏళ్ళలో బేబ్‌కు అందరికన్నా దగ్గరి మనిషి బెట్టీయేనని జీవిత చరిత్రకారులు రాశారు.

ఇక్కడే నన్ను ఏడిపించే సంగతి ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరుకు జబ్బు లింఫ్ గ్రంథుల్లోకి పాకిందని తెలిసిపోయింది. మొత్తం తీసెయ్యలేదు, తియ్యలేరు. ఆ మాట జార్జ్‌కి చెప్పారు, బెట్టీకి చెప్పారు. బేబ్‌కు చెప్పలేదు. లోకానికి తన ఒంట్లో సంగతంతా చెప్పిన మనిషికి, ఆమె ఒంట్లో సంగతి ఆమెకే చెప్పలేదు! నయమైపోయిందనే అనుకుంది.

మా పెద్దక్కకూ ఇదే ఆపరేషనయింది. చుట్టాలకు అల్సరని చెప్పాం. పొట్ట దగ్గర సంచీ కనబడుతుందేమో, వాసన వస్తుందేమో అని అక్క పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ రావడం మానేసింది. జబ్బు మళ్ళీ వచ్చిందని డాక్టరు మాకు చెప్పినప్పుడు మేమంతా వరండాలో నిలబడి, దానికి చెప్పొద్దని అనుకున్నాం. అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అక్క వచ్చే సంక్రాంతికి పిల్లలకు ఏం కుట్టించాలో లెక్కలు వేసుకుంటుంటే ఊఁ కొట్టాను. బేబ్ గురించి అప్పుడే తెలిసి ఉంటే అక్కకు చెప్పేదాన్నా? ఏమో, నిజంగా చెప్పలేను.

ఆపరేషనైన మూడున్నర నెలలకే బేబ్ చికాగోలో పోటీకి దిగింది. ఆటలో పట్టు లేదు. ఒక దశలో బెంచీ మీద కూర్చుని తల చేతుల్లో పెట్టుకుని ఏడ్చిందంటారు. ఆగమంటే ఆగలేదు. 1954 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో మళ్ళీ గెలిచింది.

ఆ తర్వాత జూలై, మాసచుసెట్స్‌లో పీబడీ ఊరి సేలం కంట్రీ క్లబ్. అమెరికా మహిళల ఓపెన్. నోటుబుక్కులో పదో వరస. మొదటి రోజు 72, రెండో రోజు 71. మూడో రోజు ఒక్క రోజులోనే రెండు చుట్లు, అంటే ముప్ఫయ్యారు గుంతలు ఆడాలి. రోజంతా నడక. పొద్దున 73. మధ్యాహ్నానికి అలసిపోయింది, 75 కొట్టింది. మొత్తం 291. రెండో స్థానంలో ఉన్న బెట్టీ హిక్స్‌కీ ఆమెకూ తేడా పన్నెండు దెబ్బలు! ఆ రోజు ఆమె పక్కన నడుస్తూ ఆడిన పందొమ్మిదేళ్ళ అమ్మాయి మిక్కీ రైట్, తర్వాత తనే పదమూడు మేజర్లు గెలిచింది. బేబ్ వయసు అప్పటికి 43 నిండి వారం. తను చెప్పుకునే లెక్కలో ఇంకా తక్కువనుకోండి.

పన్నెండు దెబ్బలంటే ఎంతో మీకు అర్థం కావాలంటే అదితీ అశోక్‌ను గుర్తు తెచ్చుకోండి. ఆమెకు పతకం దూరం చేసింది ఒక్క దెబ్బ. ఇక డబ్బంటారా, ఆ గెలుపుకు బేబ్‌కు ముట్టింది రెండు వేల డాలర్లు. అదే ఏడాది మగవాళ్ళ ఓపెన్ గెలిచినాయనకు ఆరు వేలు.

ఆ రోజు నేను ఆటల టీచరుగా చూసేది ఒకటుంది. గోల్ఫ్ దెబ్బ చేతులతో కొట్టేది కాదు. నడుము తిరగాలి, పొట్ట కండరాలు బిగియాలి, ఆ బలం భుజాల్లోంచి కర్రలోకి రావాలి. పొట్ట కోసి కుట్టిన మనిషి, దాని మీద ద్వారం ఉన్న మనిషి, మూడు రోజుల్లో 291 సార్లు కర్ర ఎత్తింది. సిజేరియన్ అయిన తల్లులకు ఆరు నెలల తర్వాత కూడా బిందె ఎత్తితే ఎలా ఉంటుందో తెలుసు కదా.

ఆ ఏడాది మొత్తం అయిదు పోటీలు గెలిచింది. క్యాన్సర్ మీద ప్రచారానికి ఊరూరా వెళ్ళింది, ఆసుపత్రుల్లో రోగుల మంచాల పక్కన కూర్చుంది, ఆపరేషన్ తర్వాత బతుకు ఉంటుందని తన ఒంటినే సాక్ష్యంగా చూపింది. 1955లో ఇంకో రెండు గెలిచింది. అంతలో నడుంనొప్పి. వెన్నుపూసల్లో డిస్కు జారిందని ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గలేదు. ఆ వేసవి చివర్లో అసలు సంగతి బయటపడింది. ఈసారి ఆమెకూ తెలిసింది. ఆ ఏడాదే తన జీవితకథ పుస్తకంగా వచ్చింది.

1956 సెప్టెంబరు 27న గాల్వెస్టన్‌లో జాన్ సీలీ ఆసుపత్రిలో పోయింది. 45 ఏళ్ళు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ రోజు విలేఖరుల సమావేశం ఆమె గురించి చెప్పి మొదలుపెట్టాడు. దేశపు అత్యున్నత పౌర పురస్కారం మాత్రం 2021 జనవరిలో ఇచ్చారు, పోయిన అరవై నాలుగేళ్ళకు. బోమాంట్‌లో ఆమె సమాధి ఉంది, పతకాలూ కప్పులూ పెట్టిన మ్యూజియం ఉంది.

పది వరసల కింద పదకొండోది ఒకటి గీశాను. టోర్నమెంటు అన్న గడి ఖాళీ. సంవత్సరం గడిలో 1955 డిసెంబరు, ఊరు గడిలో ఫోర్ట్ వర్త్. క్రిస్మస్‌కు బర్తా బోవెన్ వాళ్ళింటికి వెళ్ళింది బేబ్. అప్పటికి నొప్పితో నాలుగడుగులు వెయ్యడం కూడా కష్టం. ఒక్కసారి గోల్ఫ్ మైదానం చూపించమని అడిగింది. రాత్రి బట్టల్లోనే, పైన గౌను కప్పుకుని కారెక్కింది. కలోనియల్ క్లబ్బు దగ్గర దిగి మెల్లగా గుంత దాకా నడిచి వెళ్ళింది. అక్కడి పచ్చిక దుప్పటిలా నున్నగా ఉంటుంది. ఆమె వంగి, అరచెయ్యి ఆ గడ్డి మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంచి, మళ్ళీ వచ్చి కారులో కూర్చుంది.